కానుక సంచిలో సుగుణమ్మగారి గొలుసు

రెండు సంఘాలను కలపబోయి, ఒక్క పూటలో రెండింటినీ దాదాపు పోలీస్ స్టేషన్ మెట్లెక్కించిన ఘనత నాది. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై దాటాయి, బుద్ధి మాత్రం ఇంకా రాలేదు. మాది అశోక్‌నగర్‌లో ఒక మేడమీది హాల్లో కూడుకునే పెంతెకొస్తు సంఘం. ఆడవాళ్ళకు తెల్లచీర, తల మీద ముసుగు. మెడకూ చెవులకూ చేతులకూ ఏమీ ఉండకూడదు. అడుగడుగునా సినిమాహాళ్ళుండే చిక్కడపల్లిలో పుట్టి పెరిగి కూడా వాటి గుమ్మం తొక్కని జాతి మాది. పోస్టర్ కనిపిస్తే తల తిప్పుకోవాలి. మా రోడ్డుకి రెండు వైపులా పోస్టర్లే కాబట్టి మా మెడలకు మంచి వ్యాయామం.

నారాయణగూడలో ఇంకో సంఘం ఉండేది. వాళ్ళదీ అదే బాప్తిస్మం, ఆత్మ దిగితే పలికే అవే భాషలు, అవే చప్పట్లు. కాకపోతే వాళ్ళ ఆడవాళ్ళు గొలుసులు వేసుకుంటారు, రంగు చీరలు కడతారు. "ఓస్, అంతేనా?" అంటారు మీరు. మీరు మా దెబోరమ్మగారిని చూడలేదు. మా సంఘంలో పెద్దావిడ, ఉపవాస ప్రార్థనలన్నీ ఆవిడే నడిపేది. ఎవరి చెవికైనా కమ్మ మెరిసిందంటే చాలు, ఆవిడ స్తోత్రం రెండు వీధుల అవతలకి వినిపించేది.

ఉన్నట్టుండి నారాయణగూడ వాళ్ళ హాలును ఏదో కోచింగ్ సెంటర్ ఎగరేసుకుపోయింది. పాపం, కూడుకోవడానికి చోటు లేదు. మా పాస్టరుగారు, అంటే మా అయ్యగారు, మంచి మనిషి.

"ఒక్క ఆదివారం కలిసి ఆరాధన జేద్దం. మంచిగయితే ఇదే హాల్ల రెండు సంఘాలు ఉంటయి" అన్నారు.

"రానియ్యండ్రి. నేనేమనను. నా మొహం ఏమన్న అంటే మాత్రం నా తప్పు గాదు" అన్నారు దెబోరమ్మగారు.

గుమ్మం దగ్గర స్వాగతం పలికే పని నాకు అప్పగించారు. "రూతమ్మా, జర నవ్వుకుంట వందనాలు చెప్పు. ఎవ్వరు నొచ్చుకోవద్దు. గంతే" అన్నారు అయ్యగారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. ఆ కత్తిపీట పేరు రూతు.

ముందుగా వచ్చింది సుగుణమ్మగారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, వాళ్ళ సంఘంలో ఆవిడ మాటే మాట. మెడలో నిండుగా గొలుసు. లోపల మొదటి వరుసలో దెబోరమ్మగారు. ఈ రెండూ ఎదురుపడితే ఐక్యత గోవిందా అనుకుని నేను నడుం కట్టాను.

"వందనాలు ఆంటీ. జర ఆ గొలుసు..."

"గొలుసుకేమైందమ్మా? తెగిందా?"

"తెగలే ఆంటీ. లోపల మా పెద్దోళ్ళు పరేషాన్ అయితరు. కూడిక అయ్యేదాక నా దగ్గర పెట్టండ్రి. భద్రంగ చూస్త."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. "మా అత్తగారు అడిగినా తియ్యలేదమ్మా దీన్ని. సరే, చోటు మీది, అవసరం మాది. ఈ ఒక్క పూటకి" అని తీసిచ్చారు. ఆవిడే తీశాక వెనకవాళ్ళు ఆగుతారా? గొలుసులు, గాజులు, కమ్మలు వచ్చిపడ్డాయి. నా దోసిలి నిండిపోయింది. తెల్లచీరకు జేబులుండవు. తలుపు వెనక మేకుకు, ఆరాధనలో చందా డబ్బులు పట్టే పాత కానుక సంచి ఒకటి వేలాడుతోంది. మఖమల్ గుడ్డ, మూతికి తాడు. దేవుడి సంచి కంటే భద్రమైన చోటేముంది? అందులో పోసి, మూతి బిగించి, మేకుకు తగిలించి వెళ్ళి పాటందుకున్నాను. సంతోషం పట్టలేక కళ్ళు కూడా మూసుకున్నాను.

తానొకటి తలిస్తే సంచి ఒకటి తలచింది. ఐక్యత రోజు కదా, కానుక పట్టడానికి ఒక్కో సంఘం నుంచి ఒక్కో తమ్ముడు లేవాలన్నారు. వాళ్ళ తరఫున లేచింది సుగుణమ్మగారి అబ్బాయి జాషువా. "ఇంకో సంచి ఉందాండీ?" అని అతను అడగడం, "తలుపెనకాల మేకుకున్నది అన్నా" అని ఎవరో చెప్పడం, ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

కళ్ళు తెరిచేసరికి సంచి సుగుణమ్మగారి ముందుంది. కొడుకు పట్టుకున్నాడు, తల్లి భక్తిగా కళ్ళు మూసుకుని తన గొలుసు మీదే తన కానుక వేస్తోంది!

నేను రెండు చేతులూ గాల్లో ఊపాను. "వద్దు, వద్దు!" అన్నాను. మా సంఘంలో చేతులు ఊపితే ఏమనుకుంటారో తెలుసుగా. పక్కనున్న అక్కలు "స్తోత్రం! రూతమ్మ మీదికి ఆత్మ దిగింది!" అని నన్ను గట్టిగా పట్టుకున్నారు. నేనెంత గింజుకుంటే వాళ్ళకంత ఆనందం.

సంచి ముందుకు వెళ్ళింది. అయ్యగారు ప్రార్థించబోయి, బరువేమిటా అని చెయ్యి పెట్టారు. గొలుసు బయటికొచ్చింది. ఆయన కళ్ళనిండా నీళ్ళు.

"సంఘమా! మనం ఒక్క మాట అనలే. ప్రభువే మాట్లాడిండు! మన అక్కచెల్లెండ్లు బంగారమంత అర్పించిన్రు!"

హాలు దద్దరిల్లింది. ఆ సందట్లో దెబోరమ్మగారు ఏడుస్తూ లేచి, కొంగు ముడి విప్పి, సంచిలో ఏదో వేసి వచ్చి మొహం కప్పుకుని కూర్చున్నారు. అతిథుల వరుసలు మాత్రం బిగుసుకుపోయాయి. సుగుణమ్మగారు లేచారు.

"అయ్యగారూ, మేము అర్పించలేదండీ. గుమ్మంలో మీ అమ్మాయి తీయించింది."

"పిలిచి ఊడబీక్కోవడమా ఐక్యతంటే? పదండి, స్టేషన్ ఎంతో దూరం లేదు" అని వెనకనుంచి ఒకావిడ గొంతు.

నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. అయ్యగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"రూతమ్మా, నేను నిన్ను నవ్వమన్న గద?"

"నవ్విన అయ్యగారూ. నవ్వుకుంటనే తీయించిన."

సంచిని బల్ల మీద గుమ్మరించారు. ఎవరివి వాళ్ళు ఏరుకున్నారు. చివరికి ఒక ఉంగరం మిగిలింది. లావుపాటి మగవాళ్ళ ఉంగరం. అతిథుల్లో ఎవరూ మాది అనలేదు.

"గది నాది" అన్నారు దెబోరమ్మగారు మెల్లగా. "మా ఆయనది. ఆయన పోయినంక అన్నీ ఇడిసిపెట్టిన గని, గిదొక్కటి ఇడువలేకపోయిన. కొంగుల ముడేస్కుని తిరుగుతున్న. మీరందరు ఇచ్చేసిన్రంటే నాకు సిగ్గయింది."

ఆవిడంటే ఎప్పుడూ భయపడ్డ నాకు ఆ క్షణంలో ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. సుగుణమ్మగారు ఉంగరం తీసుకుని, దెబోరమ్మగారి కొంగు లాగి, తన చేత్తోనే ముడి వేశారు.

"ఇది ఇక్కడే ఉండాలి వదినగారూ. మమ్మల్ని ఉండమంటారా, పొమ్మంటారా?"

"ఉండు తల్లీ. గొలుసు గూడ వేస్కో" అన్నారు దెబోరమ్మగారు ముక్కు తుడుచుకుంటూ. ఒక్క క్షణం ఆగి, "గని వచ్చే ఆదివారం జర సన్నది వేస్కో" అన్నారు.

ఆ సన్నది ఎంత సన్నగా ఉండాలనే చర్చ ఇంకా నడుస్తోంది, అదే హాల్లో, పక్కపక్కన కూర్చుని. జాషువాకు నా మీద జాలేసిందో, సంచి విషయంలో తనకూ భాగముందని అనిపించిందో, నన్ను పెళ్ళి చేసుకున్నాడు. దెబోరమ్మగారి పంతం ప్రకారం పెళ్ళిలో నాది తెల్లచీరే, సుగుణమ్మగారి పంతం ప్రకారం దానికి జరీ అంచు.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మెడవైపూ చూడను, మొహం చూసే వందనాలు చెబుతాను. గుమ్మంలో నిలబడమంటే చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను. దేవుడిదైనా సరే, ఏ సంచీ ముట్టను.

ఈ ప్రమాణం మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలా సంతోషించారు. "మంచిదమ్మా. ఈ ఇల్లంతా నీదే" అని, బీరువా తాళంచెవి తీసి తన బొడ్లో దోపుకున్నారు.