పసుపు కల్లంలో ట్రాక్టరు దారి

మా వదిన పోయిందని నిజామాబాదు బస్టాండులో మా ఊరి మనిషి చెప్పాడు. జ్వరమని తెలుసు, ఇంత పని చేస్తుందనుకోలేదు. బోధన్ బస్సు ఎక్కాను గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. బస్సు పక్కకు ఒరిగినప్పుడల్లా డ్రైవరు చేతులే చూశాను. ఈ కంగారు జబ్బు నాకు ఆమె దగ్గరే అంటుకుంది.

మా అన్న ట్రాక్టరుతో బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. వరి మడుల గట్లు ఎక్కి దిగి ముందు చక్రాల వరస చెడేది. వదిలేస్తే బండి ఒక పక్కకు గుంజేది. ఫ్యాక్టరీ దారిలో సగం దూరం కాలువ గట్టే. అందుకని లోడు కట్టే ముందు ఆలుమగలిద్దరూ కొలతకు సుతిలి తాడు పట్టేవాళ్లు. రెండు ముందు టైర్లకూ ముందువైపు సున్నం బొట్లు పెట్టి, వాటి మధ్య దూరం కొలిచేవాళ్లు. బండిని ముందుకు జరిపి, అవే బొట్లు వెనక్కి వచ్చాక మళ్లీ కొలవాలి. ముందు కొలత గోరంత తక్కువ రావాలి. తేడా ఉంటే అన్న చక్రాలను కలిపే రాడ్డు తిప్పి సరిచేసేవాడు. "బండి సక్కగ వోతెనే నాకు బువ్వ దిగుతది" అనేది వదిన.

చదునైన నేల మాకు ఒకటే, పసుపు ఎండబోసే కల్లం. ఒక ఏడు ఉడికించిన పసుపు కల్లమంతా పరిచి ఉంది. ట్రాక్టరు ఓ మూలకు ఎక్కింది గానీ ముందుకు జాగా లేదు. పసుపు ఎందుకు తొక్కించాలని అన్న బండిని వెనక్కి తోలి కొలిచాడు. కొలత ముచ్చటగా సరిపోయింది.

"ముందుకు తోలకుంటె ఎట్ల? పసుపు నేను ఎత్తుత, జర ఆగు," అంది వదిన.

"ఎటు తోలితేంది? లెక్క గదే గద," అని అన్న లోడు కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక్క పని సరిగ్గా చేస్తే ఒట్టు. పొయ్యి మీద కూర మాడింది. చివరికి "నడువు తమ్మీ" అని నన్ను వెంటేసుకుని కాలువ దారి పట్టింది. ట్రాక్టరు ముందు చక్రం ఒకటి గట్టు అంచు దాటి నీళ్ల మీద వేలాడుతూ ఉంది. అన్న పక్కనే కూలబడి ఉన్నాడు. వెనక్కి తోలితే చక్రాల రాడ్డు కీళ్లలో ఉన్న వదులు అటువైపు సర్దుకుని కొలత తప్పు చూపిందని తర్వాత తెలిసింది. ఆమె తిట్టలేదు. అన్న తల, చేతులు, మోకాళ్లు తడిమి చూసి, "బతికినవ్ తీయ్" అంది.

అప్పటినుంచి పసుపు పరిచినప్పుడల్లా కల్లం నడుమ ట్రాక్టరు పట్టేంత దారి వదిలేది. "గా జాగల ఇంకో బస్తా ఎండుతది గదనే" అని మా అవ్వ సణిగితే, "ఎండకుంటె ఎండకపాయె" అనేది. ఆమె నెమ్మదిలేనితనం పుణ్యాన మా అన్న ఇన్నేళ్లు ఇల్లు చేరాడు.

వదిన దినాలయ్యాక అన్న మళ్లీ లోడుకు సిద్ధమయ్యాడు. సుతిలి ఒక కొస తాను పట్టుకుని, అలవాటుగా "పట్టు" అని రెండో కొస విసిరాడు. అది నేల మీద పడింది. నేను వెళ్లి అందుకున్నాను. కొలత సరిగానే వచ్చింది.

"ఇంకొక్కసారి సూద్దామే అన్నా," అన్నాను. చూశాం. మళ్లీ అదే మాట అన్నాను.

"నువ్వు గూడ మీ వదినె లెక్కనే సతాయిస్తున్నవ్ రా," అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ట్రాక్టరు చప్పుడు కాలువ దిక్కు పోయి వినబడకుండా అయ్యేదాకా నిలబడ్డాను. కల్లంలో ఆమె పరిచిన పసుపును ఇంకా ఎవరూ ఎత్తలేదు. నడుమ ఆమె వదిలిన దారిలో రెండు చక్రాల జాడలు, వంకర లేకుండా, బాట దాకా పోయాయి.