మూత పెట్టని యాంటెన్నా

ఈ మాట గొంతులో ముల్లులా ఉండిపోయి ఏళ్ళయింది. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

మాది హైదరాబాద్ పాతబస్తీలో లాల్‌దర్వాజా. విమానాలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. ట్రాన్స్‌పాండర్లు చూడటం నా పని. ఎవరు నువ్వు, ఎంత ఎత్తులో ఉన్నావు అని రాడార్ అడిగితే జవాబు చెప్పే పెట్టె అది. సైన్యం విమానాల్లో దానికి రహస్య సంకేతం కూడా ఉంటుంది. ఆ సంకేతంతో తనవాళ్ళు అడిగితేనే పలుకుతుంది. ప్రయాణికుల విమానంలోది అలా కాదు, ఎవరడిగినా చెప్పేస్తుంది. పక్కనుంచి పోయే విమానం అడిగినా సరే.

అందుకే నేల మీద పరీక్షించేటప్పుడు ముందు యాంటెన్నాకు మూత బిగించాలి. ఎత్తు కొలిచే గొట్టంలోంచి పంపుతో గాలి లాగి, విమానం పైన ఎగురుతోందని ఆ పెట్టెను మేం నమ్మిస్తాం. మూత లేకపోతే ఆ అబద్ధం ఆకాశం దాకా పోతుంది.

ఆ రోజు మూత స్టోర్‌లో ఉంది. స్టోరేమో షెడ్డుకు ఆ చివర. కాసేపటి పనే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. బద్ధకమా? పొగరా? ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు పని నేర్పిన సత్తన్న కాక్‌పిట్‌లో కూర్చుని కిటికీలోంచి అడిగాడు.

"మూత పెట్టినవా తమ్మీ?"

"పెట్టిన అన్నా."

ఆయన స్విచ్ వేశాడు. నేను పంపు నడిపాను. దిగడానికి వస్తున్న ఒక విమానంలో, ఎదురుగా ఇంకో విమానం ఉందని హెచ్చరిక మోగింది. ఆ లేని విమానం మాదే. పైలట్ ఒక్కసారిగా పైకి లేపాడు. లోపల నిలబడి ఉన్న ఎయిర్‌హోస్టెస్ పడి, చెయ్యి విరిగింది.

కంట్రోల్ టవర్ నుంచి ఫోన్ రాగానే సత్తన్న మాట్లాడుతుంటే నేను పరుగెత్తాను. మూత తెచ్చి వదులుగా తగిలించాను. అవును, అంత తెలివి అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో! విచారణకు వచ్చినవాళ్ళు వదులుగా ఉన్న మూతను చూసి, సంకేతం అందులోంచే బయటికి పోయిందనుకున్నారు. లైసెన్సు ఉన్నవాడిగా దిగి సరిచూసుకోవాల్సింది సత్తన్న. ఆయన లైసెన్సు పోయింది.

ఇప్పుడు ఫలక్‌నుమాలో మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేస్తున్నాడు. బోనాల పండుగకు మా ఇంటికి భోజనానికి వస్తాడు. తానే ఒకసారి దిగి చూసి ఉండాల్సింది అని ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటాడు. నేను తల వంచుకుని ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేస్తాను.

పరాయివాడు అడిగితే పలకకపోవడం సైన్యం పెట్టెకు చెల్లుతుంది. నన్ను అడిగినవాడు నావాడు. ఆయన ఎదుట ఈ మాట అనే ధైర్యం నాకు ఎప్పటికైనా వస్తుందో లేదో. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆరోజు కిటికీలోంచి అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

పెట్టలే అన్నా.