ఉగాదికి తోమిన రాళ్లు

మొన్న ఆదివారం మా పై అంతస్తులో ఉండే కుర్ర దంపతులు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, డాబా మీద తాము పెట్టిన కొత్త తోట చూద్దురుగాని రమ్మని నన్ను చెయ్యి పట్టుకుని మరీ తీసుకువెళ్లారు. నీలం డ్రమ్ములో చేపలు, పక్కన తెల్లటి గొట్టాల్లో పాలకూర, ఆ నీటిని చేపల దగ్గర నుంచి మొక్కలకూ మొక్కల దగ్గర నుంచి చేపలకూ తిప్పుతూ ఒక చిన్న మోటారు. దీన్ని ఆక్వాపోనిక్స్ అంటారాంటీ అని ఆ అమ్మాయి నాకు అర్థం కావాలని రెండుసార్లు చెప్పింది. ఆ పేరు నేను వినడం నిజంగా అదే మొదలు. కానీ ఆ పనిని, ఈ కొండాపూర్‌కి నాలుగైదు మైళ్ల లోపే, మోటారూ గొట్టాలూ లేకుండా ఒక చెంబుతో, డెబ్బైల తొలి రోజుల్లో నేను చేశానని చెబితే వాళ్లు నమ్ముతారో లేదోనని ఊరుకున్నాను. మీరైతే నమ్ముతారు.

మావారికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, శేరిలింగంపల్లిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని కాపురం పెట్టిన కొత్త. గోదావరి కాలువ గట్టున పుట్టి, నీళ్లంటే ఇంటి ముందు నుంచి ఊరికే పారిపోయేవని అనుకుంటూ పెరిగిన నాకు, చుట్టూ ఏనుగుల్లా కూర్చున్న బండరాళ్ల మధ్య ఒక్క బావి మీద బతికే ఊరు చాలా వింతగా ఉండేది. మా ఇంటి యజమానురాలు భర్త పోయిన మనిషి. ఇంటి వెనక నాలుగు మళ్లలో ఆకుకూర పండించి, తెల్లవారుజామునే గంపలో పెట్టుకుని బజారుకు తీసుకుపోయి అమ్ముకునేది. ఊరందరిలాగే నేనూ ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. నన్నామె బిడ్డా అనేది. మావారిని మాత్రం, ఎదురుగా ఉన్నా సరే, మీ సారు అనేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శివరాత్రికే బావిలో అడుగు రాళ్లు కనిపించాయి. బొక్కెన నాలుగుసార్లు వేస్తే ఒక బిందె నిండేది, అందులోనూ సగం ఇసుక. ఒక రోజు పెద్దమ్మ మా గడపలో కూర్చుని, చాలాసేపు వేరే మాటలు మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పింది. బావిలో నీళ్లు రెండు కుటుంబాలకూ, నాలుగు మళ్లకూ చాలవు. మళ్లు ఎండితే ఆమెకు బతుకు లేదు. కనుక మేము వేరే ఇల్లు చూసుకోవాలి. అంత నెమ్మదిగా ఇల్లు ఖాళీ చేయమని చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. నాకప్పుడు మూడో నెల. దిక్కులేని ఊళ్లో ఆ మనిషి నీడ వదిలి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. అయితే పుట్టింట ఉన్నప్పుడే ఊరి గ్రంథాలయంలో రెండు బీరువాలు పూర్తి చేశాను. ఇక్కడికి వచ్చాక కూడా ఒక గదిలో నడిచే చిన్న గ్రంథాలయం వెతికి పట్టుకుని, కథలన్నీ అయిపోయాక, ఎవరూ ముట్టని వ్యవసాయం అరలోకి దిగాను. ఈ బీరువాకి తాళం తీసి ఏడాదైందమ్మా అని అక్కడి పెద్దాయన సంతోషపడ్డాడు. ఆ అరలోనే, చెదలు కొంత తిన్న ఒక పల్చని పుస్తకంలో, తూర్పు దేశాల్లో వరిమళ్లలో చేపలు పెంచుతారనీ, చేపలు తిరిగిన నీరు మొక్కకు ఎరువుతో సమానమనీ చదివాను. అప్పుడు కాలక్షేపానికి చదివినది ఇప్పుడు నిద్రపోనివ్వలేదు. అదే నీరు మళ్లీ మళ్లీ తిప్పితే మడికి పోసే నీరు మిగులుతుంది కదా, మేము ఉండిపోవచ్చు కదా అన్నది నా లెక్క.

పెద్దమ్మతో చెబితే నవ్వలేదు. పుస్తకంలో ఉన్నదంటే ఆమెకు కొంచెం గౌరవం. "ఉగాది దాంక చూస్త బిడ్డా. అటెనుక నన్ననొద్దు" అంది. చెరువులో మిగిలిన మడుగు నుంచి అరచేయంత చేపపిల్లలు పదకొండు, రవ్వలూ బొచ్చెలూ, తనే బిందెలో తెచ్చి ఇచ్చింది. మా ఇంట్లో చేపలు వండరు. వాటి ముఖం అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. పెరట్లో నీళ్లు నిలవ చేసుకునే సిమెంటు తొట్టి ఉండేది, అక్కడివాళ్లు హౌజు అంటారు. దానిలో సగానికి నీళ్లు ఉంచి చేపలు వదిలాం. హౌజు మీద రెండు బండలు అడ్డంగా వేసి, వాటి మీద పాత రేకు తొట్టి పెట్టి, అడుగున మేకుతో చిల్లులు కొట్టి, గులకరాళ్లు నింపి, చుక్కకూర, పాలకూర నారు నాటాను. పొద్దునా సాయంత్రం హౌజులోంచి చెంబుతో నీళ్లు ముంచి రాళ్ల మీద పోయడం, అవి చుక్కచుక్కగా తిరిగి హౌజులోకి దిగడం, ఎండ తాగినంత మాత్రం, రోజుకు అర బిందె, కొత్త నీరు కలపడం. చేపలకు తవుడు.

మావారు ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఆ చప్పుడు వింటూ టీ తాగేవారు. వాసన చూసి ఎవరైనా మనింట్లో చేపల పులుసు మొదలుపెట్టామనుకుంటారేమోనని ఆయన బెంగ.

మూడు వారాలు గడిచేసరికి ఆకు నల్లగా నిగనిగలాడుతూ పైకి లేచింది. పెద్దమ్మ రోజూ వచ్చి ఆకు వెనక్కి తిప్పి చూసి వెళ్లేది. నాకు గర్వం ఎక్కువైంది, దాచడం ఎందుకు. ఉగాది నాలుగు రోజులుందనగా ఇల్లంతా దులిపి కడిగాను. రాళ్లకు పట్టిన గోధుమరంగు జిగురు, హౌజు గోడలకు పట్టిన పచ్చటి పాచి చూస్తే నాకు సిగ్గనిపించింది. పండగనాడు ఆమె వచ్చి తీర్పు చెప్పేది ఈ మురికిని చూసా? పుస్తకంలో కూడా నీరు పరిశుభ్రంగా ఉండవలెను అని స్పష్టంగా ఉంది. చేపలను బిందెలోకి మార్చి, గోడలు పీచుతో గీకి, రాళ్లన్నీ బూడిద వేసి ఇత్తడి చెంబుల్లా తోమి ఎండబెట్టాను. నీరు పారబోయడానికి చేయి రాక, అదే నీటిని బట్టలో వడగట్టి మళ్లీ పోశాను. మొక్కలను తిరిగి నాటి, చూసుకుని మురిసిపోయాను.

ఉగాది పొద్దున లేచేసరికి చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు అప్పటికే వెల్లకిలా తేలాయి. మామిడాకులు చేతిలోనే ఉండిపోయాయి. ఆ రెండింటినీ తీసేసి, మిగతావాటి సంగతి ఎండ మీద తోసేద్దామని నాకు తోచిన మాట నిజం. ఇంతలోనే పెద్దమ్మ రాత్రే చేసిపెట్టుకున్న బచ్చాలు, మా వైపు బొబ్బట్లంటాం, విస్తరాకులో పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"ఏంది బిడ్డా, గిట్ల నోర్లు తెరుస్తున్నయి?"

ఎండకేమోనండి అన్నాను. ఆమె తొట్టిలోంచి ఒక రాయి తీసి, బొటనవేలితో రుద్ది, వాసన చూసింది.

"రాయికి జిగురు లేదు. తోమినవా?"

"తోమానండి. పండగని."

"పండుగ మనకు. వాటికేం పండుగ? చెర్ల రాళ్లను ఎవలన్న తోముతరా? ఆ జిగురే గద నీళ్లను మంచిగ జేసేది."

బచ్చాలు గట్టు మీద పెట్టి ఇంట్లోకి వెళ్లింది. తన స్నానానికీ మిగతా పండగ వంటకీ ముందురోజు తోడి దాచుకున్న రెండు కడవలూ తెచ్చి, హౌజులో నీరు సగం మళ్లలోకి పారబోయించి, ఆ కడవలు కుమ్మరించింది. తరువాత ఎండలో చెరువు దాకా నడిచి, జిగురు పట్టిన రాళ్లు గంపనిండా తడి గోనె కప్పుకుని తెచ్చింది. పండగపూట తలస్నానం లేకుండా ఆమె, పచ్చడి కూడా కలపకుండా నేను, సాయంత్రం దాకా చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఆరు చేపలు బతికాయి. ఆకు మాత్రం వారానికల్లా పసుపుపచ్చగా మారి వాలిపోయింది.

గడువు ఉగాదే కనుక నేను ఆమెను ఇంకేమీ అడగలేదు. మావారు కూకట్‌పల్లి వైపు ఒక ఇల్లు చూసి వచ్చారు. "చేపలకు కూడా ఒక గది అడగమంటావా?" అన్నారు, నన్ను నవ్విద్దామని. నాకు నవ్వు రాలేదు. ట్రంకు పెట్టెలో చీరలు సర్దుతుంటే పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఎవలు పొమ్మన్నరు?"

"మీరేనండి. ఉగాది దాకా అన్నారు కదా."

"అన్న. నీళ్లకు పరేషానై అన్న. ఇప్పుడు గా చేపలను ఎవలు జూడాలె, మీ సారు జూస్తడా?" అని లోపలికి వచ్చి పెట్టె మూత తనే వేసింది. "ఒక మడి ఎండబెడ్త. నువ్వు దినాం రెండు బిందెలు తక్కువ తోడు. గట్ల ఎల్లదీద్దాం."

అలాగే వెళ్లదీశాం. ఆమె ఒక మడి వదిలేసింది; మేము మూడు రోజులకొకసారి బట్టలు ఉతుక్కున్నాం. చెరువు రాళ్ల మీద చుక్కకూర మళ్లీ లేచి, మృగశిర చినుకులు పడేలోపు రెండు కోతలు ఇచ్చింది. ఒక్క రేకు తొట్టి ఆ బావిని కాపాడిందని నేను చెప్పుకోను. మమ్మల్ని కాపాడింది ఆమె ఎండబెట్టుకున్న మడి. భాద్రపదంలో మా పెద్దది పుడితే, మొదటి స్నానానికి నీళ్లు కాచింది ఆమే. ఆ ఇంట్లోనే ఎనిమిదేళ్లు ఉన్నాం.

ఆ బావిని తరువాత ఎప్పుడో పూడ్చేశారు. ఆ మళ్లు ఏ భవనం కిందకు వెళ్లాయో ఎన్నిసార్లు ఆ దారిన వెళ్లినా గుర్తుపట్టలేకపోయాను. ఇప్పుడు మాకు కుళాయి తిప్పితే నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. గోడకు అవతల కాపురమున్నవాళ్లు రోజుకు ఎన్ని బిందెలు వాడుకుంటారో నాకు తెలియదు, నావి వాళ్లకు తెలియవు. ఇది సుఖమే, కాదనను. కానీ నీళ్లు చాలవు, వెళ్లిపొమ్మని నా గడపలో కూర్చుని ముఖం మీద చెప్పి, మళ్లీ తన మడి ఎండబెట్టుకుని నా పెట్టె మూత వేయగలిగినంత దగ్గరగా ఇప్పుడెవరూ నా పక్కన లేరు. నేనూ ఎవరి పక్కనా అంత దగ్గరగా లేను.