మోకాలి మీద సీతమ్మ

శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి వచ్చే బస్సులో, కలంకారీ గుడ్డల మూట ఒళ్లో పెట్టుకొని ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా చూపుడువేలితో మోకాలి మీద ఒకే గీత గీస్తా వచ్చినాడు.

"ఏం గీస్తా ఉండారు పెద్దాయనా?" అని అడిగినాను.

"సీతమ్మ ముక్కు గీస్తా ఉండానప్పా. గుడ్డ మీద నల్లగీత పడితే చెరగదు. అందుకే ముందు ఈడ గీసుకుంటా ఉండా. ఇన్నేండ్లూ మా ఇంటామెను ఎదురుగా కూర్చోబెట్టుకొని గీసినా. ఆమె పోయింది. రోజూ కనపడే ముక్కే గదా అని గుర్తుపెట్టుకోలా."

"ఫొటో లేదా?"

"ఉండాది, పెండ్లి ఫొటో. దాంట్లో తల వంచుకోనుండాది."

ఆయన వేలు మళ్లీ మోకాలి మీదికి పోయింది.

తిరుపతిలో దిగి, లాడ్జి గదిలో ఒక్కణ్నే కూర్చుని, పోయిన మా అమ్మ ముక్కు గీద్దామని మోకాలి మీద వేలు పెట్టినాను. యాడ మొదలుపెట్టాలో తెలియలేదు.