పండుగ కాకముందే వెనక్కి తెచ్చిన గిర్ని

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు ఖమ్మం ఆఫీసులో. రిటైర్మెంటుకు రెండేళ్లుండగా, ఒక ఎండాకాలంలో చేరాను. మాది ఊళ్లకు సోలార్ పిండి గిర్నీలు ఇచ్చే చిన్న కంపెనీ. నేను కస్టమర్ విభాగం మేనేజరును. ఒకప్పుడు దాన్ని సర్వీసు సెక్షన్ అనేవాళ్లం, తర్వాత కస్టమర్ సక్సెస్ అని బోర్డు మార్చారు. సక్సెస్ ఎవరిదో మాత్రం బోర్డు మీద రాయలేదు.

కొత్త కస్టమరు చేరినప్పటి నుంచి గిర్ని తిరిగేదాకా జరిగే పనులన్నీ కంప్యూటరే నడిపించేలా చేయడం నాకు అప్పగించిన పని. దీన్నే వర్క్‌ఫ్లో అంటారు. దరఖాస్తు ఎక్కించగానే స్వాగతం మెసేజ్ వెళుతుంది. బిగించాక టెక్నీషియన్ ఫొటో పెడతాడు. గిర్నిలోని సిమ్, అది మొదటిసారి తిరగగానే మాకు కబురు పంపుతుంది. ముప్పై రోజుల్లో కబురు రాకపోతే కాల్ సెంటర్ నుంచి ఫోన్ చేసి, కారణం అడిగి, మూడు గడుల్లో ఒకటి నొక్కాలి: రిపేరు, శిక్షణ చాలలేదు, ఆసక్తి లేదు. ఆసక్తి లేదని పడితే గిర్నిని వెనక్కి తెచ్చి, వరుసలో ఉన్న తర్వాతివాళ్లకు బిగించమని టెక్నీషియన్ ఫోనుకు ఆర్డరు దానంతటదే పోతుంది. అంతకుముందు సూపర్‌వైజరు ఆ ఫోన్ రికార్డింగు విని సంతకం పెడితేనే ఆర్డరు కదిలేది. అక్కడ ఫైళ్లు రోజుల తరబడి ఆగుతున్నాయని ఆ మెట్టును నేనే తీసేశాను. హెడ్డాఫీసు మెచ్చుకుంది. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు.

చర్ల దాటాక అడవిలో ఒక గూడెంలో పాయం జోగమ్మ అనే ఆమెకు గిర్ని ఇచ్చాం. ఆమె ఏటా ఏన్కూరు వైపు మిర్చి కోతకు కూలికి వెళ్లేది. వెళ్లినప్పుడల్లా పిల్లలిద్దరినీ బడి మాన్పించి వెంట తీసుకుపోవాల్సి వచ్చేది. ఇంట్లో గిర్ని ఉంది, ఊరివాళ్లకు పిండి పడితే వచ్చే డబ్బు చాలు కనుక ఈసారి రానని కూలీల మేస్త్రీకి చెప్పేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది. భద్రాచలంలో బస్సు మారి వచ్చిందట. మొన్న మా టెక్నీషియన్ సత్యం గిర్ని ఊడదీసి బండిలో వేసుకుపోయాడని చెప్పింది.

"నేనేం తప్పు జేసిన మేడం? గిట్ల ఎత్కపోతరా?"

నెల దాటినా తిప్పలేదు కదమ్మా అన్నాను.

"విత్తనాల పండుగ కాకముందు కొత్త పనిముట్టు ఎట్ల తిప్పుత? వాన జూసి పండుగ ఏ రోజో మా పెద్దమనిషి చెప్తడు. ఇంక చెప్పలే. ఫోన్ల అడిగిన పిల్లకు గిదే చెప్పిన గద."

రికార్డింగు తెప్పించి విన్నాను. నిజమే, చెప్పింది. ఊరంతా జొన్నలు పక్కన పెట్టుకుని పండుగ కోసం చూస్తున్నారని కూడా సంబరంగా చెప్పింది. కాల్ సెంటర్ అమ్మాయి దగ్గర పండుగకు గడి లేదు. ఉన్నవాటిలో దగ్గరగా తోచింది నొక్కింది. ఆ అమ్మాయిని ఏమనను? గడులు గీసింది నేను. జోగమ్మ ముఖం చూడటానికి సిగ్గేసింది.

ఆమె గిర్నిని అప్పటికే బోనకల్ దగ్గర ఒకరింట్లో బిగించేశారు. అంత చురుకైన వర్క్‌ఫ్లో మాది. కొత్తది రావాలంటే రెండు నెలలు. ఈ పండుగ దాటితే ఆ గూడెంలో కొత్త పనిముట్టును వచ్చే ఏడాది పండుగదాకా ముట్టరు. అంటే జోగమ్మకు మళ్లీ మిర్చి కోత, పిల్లలకు మళ్లీ బడి మానడం.

ఆఫీసులో జనానికి చూపించడానికి ఉంచిన గిర్ని ఒకటుంది. దాన్ని బయటికి పంపాలంటే హెడ్డాఫీసు అనుమతి కావాలి. నేను అడగలేదు. నా సంతకం మీదే మర్నాడు సత్యంతో పంపించాను. వారానికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

గిర్ని బిగించాక కూడా తిరగలేదు. రోజూ పొద్దున్నే నా కంప్యూటర్ తెరమీద ఎర్ర అక్షరాలు కనిపించేవి: వాడకం మొదలుకాలేదు. ఫోన్ చేయాలని చేయి లాగేది, ఆపుకునేదాన్ని. వానలు పడ్డ కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ అక్షరాలు పచ్చబడ్డాయి. అప్పుడు చేశాను. అవతల గిర్ని మోతలో ఆమె గొంతు సగమే వినపడింది.

"అవ్ మేడం, పెద్దమనిషి చెప్పిండు!"

ఆ నెలలోనే నాలుగో గడి పెట్టించాను: మొదలుపెట్టే రోజు కస్టమరే చెబుతారు. అందులో తేదీ వేయకపోయినా కంప్యూటర్ ఒప్పుకునేలా చేయించాను. సూపర్‌వైజరు వినే మెట్టును తిరిగి పెట్టాను. ఏ పనినైనా కంప్యూటర్‌కు అప్పగించవచ్చు గానీ, ఒకరికి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే ముందు వాళ్ల మాట ఒక మనిషి వినాలి. నేను నేర్చుకున్నది అంతే. జోగమ్మ రికార్డింగు నిడివి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మిగల్చడానికే నేను ఆ మెట్టు తీసేశాను.