పిన్ని చెప్పని పాస్‌వర్డ్

డిగ్రీ అయ్యాక కొంతకాలం పలాస స్టేషన్ రోడ్డులో, జీడిపప్పు కొట్ల వరసలో ఉన్న ఒక నెట్ సెంటర్‌లో పనిచేశాను. నాలుగు కంప్యూటర్లు, వాటికి నాలుగు చెక్క గదులు, అందరికీ కలిపి ఒక ఫ్యాను. అది ఓనరు వైపు తిరిగి ఉండేది.

అక్కుపల్లి నుంచి మా పిన్ని, అమ్మ చెల్లెలు, ప్రతి ఆదివారం ఆటోలో వచ్చేది. బాబాయి కువైట్‌కి వెల్డింగ్ పని మీద వెళ్తూ ఆవిడ పేర ఒక మెయిల్ తెరిచాడు. పాస్‌వర్డ్ తనే కొట్టాడు. గుర్తుపెట్టుకోమంటారా అని బ్రౌజర్ అడిగితే అవునన్నాడు. ఊరంతా వాడే కంప్యూటర్లో అలా దాచకూడదని చెప్పాను.

"మీ పిన్ని ఇంగ్లీషు అచ్చరాలు కొట్టగలదేటి?" అన్నాడు.

అప్పట్నుంచి పిన్నికి ఆ మూడో నంబరు కంప్యూటరే కావాలి. అందులో ఎవరైనా ఉంటే వాళ్ల వీపు వెనకే నిలబడేది. వాళ్లు త్వరగానే లేచి వెళ్లేవాళ్లు. నేను మెయిల్ సైటు తెరవగానే పాస్‌వర్డ్ గడిలో నల్ల చుక్కలు వాటంతటవే పడేవి. బాబాయి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును పైకి చదివి వినిపించేదాన్ని.

ఒక వానాకాలం రేకుల్లోంచి నీళ్లు కారి మూడో నంబరు కాలిపోయింది. ఓనరు కొత్తది తెచ్చాడు. పాత హార్డ్‌డిస్క్ బతికే ఉంది కాబట్టి బ్రౌజర్ ఫైళ్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించాను. పాస్‌వర్డ్‌లు మాత్రం రాలేదు. బ్రౌజర్ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు రాసుకోదు. గజిబిజి చేసి దాస్తుంది, దాన్ని విప్పే తాళంచెవిని ఆ మెషీన్లో లాగిన్ అయిన యూజరుతో ముడిపెడుతుంది. ఫైలు ఎత్తుకెళ్లిన దొంగకి గజిబిజే మిగులుతుంది. ఈసారి ఆ దొంగని నేను.

సరిగ్గా అప్పుడే కంచిలి మనిషొకడు కువైట్ నుంచి తిరిగొచ్చాడు. బాబాయి పనిచేసే చోట పరంజా కూలిందనీ, ఎవరెవరు పడ్డారో తెలీదనీ చెప్పాడు. బాబాయి ఫోన్ చేసి చాలా రోజులైంది. పిన్ని ఆదివారం దాకా ఆగలేదు.

"పాస్‌వర్డ్ ఏటి పిన్నీ?"

"నాకెరికే."

"మరి సెప్పు."

"సెప్పకూడదు."

పలాసలో పాస్‌వర్డ్‌లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అరిచి చెప్పుకునే రోజులవి. ఎవరికీ లేని జాగ్రత్త ఈవిడకొచ్చిందేమిటని నాకు ఒళ్లు మండింది.

"ఆయన పేరేనే," అంది చివరికి. "నువ్వు మరిసిపోవు గదా అని అదే పెట్టీసినాడు."

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. రేషన్ షాపులో అడిగినా పక్కనున్న పిల్లల చేత చెప్పిస్తారు. బాబాయికి ఇది తట్టలేదు. తన పేరు తను పలకడానికి ఆయనకెప్పుడూ ఇబ్బంది కలగలేదు.

పాస్‌పోర్టులో ఉన్న పేరు కొట్టాను. తప్పని వచ్చింది.

"అది కాదే. మా అత్త పిలిసే పేరు."

ఆ అత్తగారు పోయి చాలా కాలమైంది. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలీదు. రాసిమ్మందామంటే పిన్నికి రాయడం రాదు. నాకాయన బాబాయి, అమ్మకి మరిదిగారు.

"ఊరెల్లి ముసలోల్లెవలినైనా తీసుకొస్తాను, ఆల్లు సెప్తారు," అని పిన్ని లేచింది. గుమ్మం దాకా వెళ్లి, ఊరెళ్లి వచ్చేదాకా ఆగలేక అక్కడే నిలబడిపోయింది.

ఆవిడ ఇరుకు నాకప్పుడు అర్థమైంది. ఆయన బతికి ఉన్నాడో లేదో తెలియాలంటే, ఆయన ఆయుష్షు తగ్గించే పని చెయ్యాలి. నేను చదువుకున్నదాన్నే. అయినా భయం వేసింది.

పిన్ని వెనక్కి వచ్చింది. పుస్తెలు కళ్లకద్దుకుని, నా చెవి దగ్గర నోరు పెట్టి, పెళ్లయ్యాక మొదటిసారి ఆ పేరు పలికింది.

కొట్టాను. తెరుచుకుంది. కొత్త మెయిల్ ఉంది. కాలు విరిగింది, కట్టు కట్టారు, తోటివాడి చేత ఇది కొట్టిస్తున్నాను, ఆసుపత్రి అన్నం బాగోలేదు. పిన్ని మళ్లీ చదవమంది. కాలు దగ్గర ఊరుకుంది, అన్నం దగ్గర ఏడ్చింది.

తెర పైభాగాన ఆ చిన్న ప్రశ్న ఇంకా ఉంది. అదేమిటని అడిగింది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని అడుగుతోందన్నాను.

"ఒత్తీయే," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఒక్కసారి అన్నందుకే కాలిరిగింది. మల్లీ నా నోట అనిపించకు."

కాలు అంతకు ముందే విరిగిందని నేను చెప్పలేదు. అవును మీద నొక్కాను.