లేని కీబోర్డు నొక్కమన్న కంప్యూటర్

కంప్యూటర్ బాగుచేసేవాళ్లు "ఐదు నిమిషాల పనండీ" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఐదు నిమిషాలు నావి ఎన్ని పూటలు మింగాయో నాకే తెలుసు. వాటిలో ఒక ఆదివారం గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

విజయవాడ వన్‌టౌన్‌లో ముందు గది షాపు, వెనక ఇల్లు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు వేసేవాణ్ణి. అంతకుముందు ఇరవై ఏళ్లు వేరేవాళ్ల ప్రెస్సుల్లో ట్రెడిల్ మిషన్ తొక్కాను. లక్షల అక్షరాలు నా చేతుల మీదుగా అచ్చయ్యాయి గానీ ఒక్కటి చదవడం రాదు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో, నలభై దాటాక పలక పట్టాను. తర్వాత కొన్నేళ్లకి కంప్యూటర్ కొని, కీబోర్డు మీద తెలుగు అక్షరాల కాగితం ముక్కలు అంటించుకుని, ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొట్టడం నేర్చుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి ఒక శనివారం సాయంత్రం ఆ కంప్యూటర్ చచ్చింది. మదర్‌బోర్డు పోయిందన్నారు. అందులో ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక మాస్టారి తల్లి పెద్దకర్మ కార్డు ఉంది. పాత గ్రూపు ఫొటోలోంచి ఆవిడ మొహం విడదీసి, రెండు రోజులు కూర్చుని శుభ్రం చేశాను. ప్రింటు తీయడమే మిగిలింది. కర్మ మంగళవారం. ఆదివారం మధ్యాహ్నానికి కార్డులు చేతికొస్తే, సోమవారం ఊళ్లన్నీ తిరిగి పంచాలి ఆయన.

ఆదివారం పొద్దున మెకానిక్ కొత్త బోర్డుతో వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. "చర్చిలో ప్రార్థన మధ్యలోంచి లేచొచ్చాను బాబాయ్ గారూ. ఐదు నిమిషాలు!" అన్నాడు.

బోర్డు బిగించాడు, స్విచ్ వేశాడు. నల్ల తెర మీద ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చి ఆగిపోయాయి.

"ఏమంటుందయ్యా?"

"కీబోర్డు లేదంటుందండీ. ముందుకు పోవాలంటే ఎఫ్ వన్ నొక్కాలి, బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి పోవాలంటే డిలీట్ నొక్కాలి."

"కీబోర్డు లేదంటూ నొక్కమంటుందేంటి? దేన్ని నొక్కాలి, నీ నెత్తినా?"

"దాని పద్ధతి అదేనండీ" అని తనూ నవ్వాడు. ఎఫ్ వన్ నొక్కాడు, డిలీట్ నొక్కాడు, టకటకా వందసార్లు నొక్కాడు. కీబోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు.

గొడవేమిటో కాసేపటికి తేలింది. కిందటి దసరాకి నేను కొన్న కొత్త కీబోర్డు బల్లపరుపు పిన్నుది, యూఎస్‌బీ అంటారు. ఈ కొత్త బోర్డు మీద విండోస్ లేచాక గానీ అది పనిచేయదు. ముందే పనిచేయాలంటే బయాస్‌లోకి వెళ్లి అనుమతి ఇవ్వాలి. బయాస్‌లోకి వెళ్లాలంటే కీబోర్డు పనిచేయాలి. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టుంది వ్యవహారం. సెట్టింగులు మొదటికొస్తాయేమోనని బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టాడు. అవే రెండు వరుసలు.

"గుండ్రటి పిన్నుది పాత కీబోర్డు ఏదన్నా ఉందా బాబాయ్ గారూ? దానికి ఈ అనుమతులు అక్కర్లేదు."

"లేదు" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడా "లేదు నాయనా" అంది.

ఎక్కడన్నా తెద్దామంటే ఆదివారం, బజారంతా మూత. అతని షాపు తాళాలేమో ఓనరు దగ్గర, ఓనరు గన్నవరంలో. పదకొండున్నరకి మాస్టారు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"కార్డు లేకపోతే ఫోన్లు చేసి చెప్పుకోండి మాస్టారూ" అన్నాను, విసుగ్గా.

ఆయన కోప్పడలేదు. "చెప్పగలనండి. కానీ మా అమ్మ పేరు ఎప్పుడూ ఎక్కడా అచ్చుపడలేదు. రేషన్ కార్డు మీద కూడా తప్పే. ఆవిడకి సంతకం రాదు, వేలిముద్ర. ఒక్కసారన్నా సరిగ్గా పడాలని."

నలభై ఏళ్లు నేను వేసిందీ వేలిముద్రే. నా పేరు మొదటిసారి నేనే కొట్టుకున్నది ఆ పాత కీబోర్డు మీద.

అప్పుడు వెలిగింది. లేకపోవడమేంటి? ఉంది! అక్షరాలు అరిగిపోయాయని కొత్తది కొన్నప్పుడు, అన్నం పెట్టిన వస్తువు పారేయకూడదని మా ఆవిడ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దేవుడి అరలో పటాల పక్కన నిలబెట్టింది. రోజూ దానికీ ఒక పువ్వు. ఇక మా ఇద్దరి లెక్కలో అది కీబోర్డు కాదు.

నేను లోపలికి నడవగానే ఆవిడకి అర్థమైంది. "ఏవండీ, స్నానం కూడా చెయ్యలేదు మీరు! ముట్టుకోకండి!"

"అయితే నువ్వే తీసివ్వు."

"దేవుడి దగ్గర పెట్టింది కింద పెడతారా ఎవరన్నా?"

"బయట ఒకాయన వాళ్లమ్మ పేరు కోసం కూర్చున్నాడే."

గొణుక్కుంటూనే తీసింది. కళ్లకద్దుకుని ఇచ్చింది. మెకానిక్ దాన్ని చూసి, "ఇంతసేపూ ఇంట్లో పెట్టుకునా బాబాయ్ గారూ, లేదన్నారు?" అన్నాడు.

"నువ్వు సంచిలో ఒకటి వేసుకురాకపోవడమేంటి? నోరుమూసుకుని పెట్టు."

పెట్టాడు. మూడు లైట్లూ మెరిశాయి. రేపు కొత్తది పెట్టినా మళ్లీ ఆగకుండా బయాస్‌లో మార్చాలని డిలీట్ నొక్కాడు గానీ ఆ కీ దిగడం లేదు. సరిగ్గా దాని మీదే పెద్ద బొట్టు, కింద కుంకుమ గడ్డకట్టింది. "ఇన్ని కీలుంటే దీనికే దొరికిందా బొట్టు?" అని అరిచాను. "మూల కదా అని పెట్టాను" అంది మా ఆవిడ, పిన్నీసు అందిస్తూ. నేనే గీకాను. కీ దిగింది. బయాస్ నీలం తెర వచ్చింది. అందులో ఒక్క వరుస మార్చి, మెకానిక్ తలెత్తి చూశాడు.

"ఐదు నిమిషాలు" అన్నాను. పాపం, తల దించుకున్నాడు.

ఒంటిగంటకి ప్రింటర్లోంచి మొదటి కార్డు వచ్చింది. మాస్టారు అందుకుని, ఫొటో కాదు, పేరు చూశాడు. అక్షరం అక్షరం చూశాడు. తర్వాత దాని మీద వేలు పెట్టబోయాడు.

"తడిగా ఉంది మాస్టారూ, పేరు చెరుగుతుంది, ఆగండి" అని కసిరాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, కార్డుని ఫ్యాను కింద రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, ఆరేదాకా.